పెద్దల దిగులు – మాటల చికిత్స



మన సరిహద్దు జిల్లాల్లో ఒక మాట ఉంది. "బేజారు." కోలారు, ముళబాగిలు పల్లెల్లోనూ, హిందూపురం, మడకశిర వైపునా, పలమనేరు, కుప్పం వైపునా ఇది తెలుగు మాటలాగే చెలామణీ అవుతుంది. పని తోచకపోయినా బేజారే, బస్సు రాకపోయినా బేజారే, ఇంట్లో ఎవరైనా ఒక మాట అన్నా బేజారే. అందుకే ఇంట్లో పెద్దాయన "ఏమోరా, బేజారుగా ఉంది" అంటే మనం పెద్దగా పట్టించుకోము. "టీవీ పెట్టమంటావా నాయనా?" అని అడిగి మన పనిలో మనం పడిపోతాము. ఆ ఒక్క మాట వెనుక వైద్యం చేయించవలసిన జబ్బు ఉండవచ్చునని మనకు తోచదు.

డిప్రెషన్ అని డాక్టర్లు చెప్పే జబ్బు అది. తెలుగులో కుంగుబాటు అంటున్నారు. పెద్ద వయసులో వచ్చే ఈ కుంగుబాటుకు మందులతో పాటు, కొన్నిసార్లు మందులు లేకుండానే, మాటలతో చేసే చికిత్స ఒకటి ఉంది. అది ఏమిటి, ఎలా చేస్తారు, ఎవరికి పనికివస్తుంది, మనకు ఎక్కడ దొరుకుతుంది అనే విషయాలు ఈరోజు చెప్పుకుందాం.

ముందుగా ఒక పెద్దాయనను ఊహించుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు. మీకు తెలిసిన నలుగురైదుగురు పెద్దలను కలిపి చూసుకుంటే ఆయనే కనిపిస్తాడు. శ్రీనివాసపురం దగ్గర ఒక పల్లె. కొంచెం మామిడి తోట, కొంచెం మెట్ట. వయసు డెబ్భై. బోరు ఎండిపోయింది. రెండేళ్ళ కిందట భార్య పోయింది. ఒంటరిగా ఎందుకని కొడుకు బెంగుళూరు తీసుకువచ్చాడు. వైట్‌ఫీల్డు వైపు మూడో అంతస్తులో ఇల్లు. కొడుకూ కోడలూ ఎనిమిదింటికి వెళ్ళి రాత్రి వస్తారు. మనవరాలు ఇంగ్లీషులో మాట్లాడుతుంది. కింద కాపలా కాసే మనిషికి హిందీ తప్ప రాదు. ఇంట్లో అన్నీ ఉన్నాయి. పెద్దాయన మాత్రం రోజురోజుకూ తగ్గిపోతున్నాడు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. అన్నం సహించదు. కడుపులో మంట అంటాడు, గుండెల్లో బరువు అంటాడు. కొడుకు శ్రద్ధగానే అన్ని పరీక్షలూ చేయించాడు. అన్నీ బాగానే ఉన్నాయని కాగితాలు వచ్చాయి. "ఏమీ లేదు మామా, అంతా నార్మల్" అని కోడలు సంతోషంగా చెప్పింది. ఆయన ముఖంలో మాత్రం సంతోషం లేదు. తన బాధను ఎవరూ నమ్మడం లేదనుకున్నాడు.

పెద్దవాళ్ళలో కుంగుబాటు చాలాసార్లు ఇలా ఒంటి బాధ రూపంలోనే వస్తుంది. "నాకు దుఃఖంగా ఉంది" అని వాళ్ళు చెప్పరు. నలత, నొప్పులు, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, మలబద్ధకం, మతిమరుపు, ఇవీ వాళ్ళు చెప్పేవి. వీటి వెంట ఇంకొన్నిటిని మనమే గమనించాలి. ఇంతకు ముందు ఇష్టంగా చేసే పని మానేయడం. నలుగురిలోకి రాకపోవడం. ఊరికే చిరాకు పడటం. "నేను మీకు బరువు" అని పదేపదే అనడం. ఇలాంటి లక్షణాలు రోజులో ఎక్కువ భాగం, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలకు మించి కనిపిస్తే అది ముసలితనం కాదు. డాక్టరుకు చూపించవలసిన సంగతి.

మనవాళ్ళు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. "ఈ వయసులో ఎవరికి మాత్రం ఉండదు?" అంటారు. కన్నుకు పొర కమ్మడం కూడా ఈ వయసులో మామూలే. అయినా ఆపరేషను చేయిస్తున్నాము కదా! వయసుతో పాటు వచ్చిన ప్రతి బాధనూ వయసుకే వదిలేయనక్కరలేదు. నిజానికి ఎంతోమంది పెద్దవాళ్ళు మోకాళ్ళ నొప్పులతో, చక్కెర జబ్బుతో కూడా ఉత్సాహంగానే ఉంటారు. కుంగుబాటు ముసలితనంలో ఒక భాగం కాదు.

ఇది ఎంతమందికి ఉంది? 2017–18లో కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య శాఖ తరఫున దేశమంతటా 45 ఏళ్ళు దాటినవారి స్థితిగతులపై పెద్ద సర్వే ఒకటి జరిగింది. లాసీ సర్వే అంటారు. 60 ఏళ్ళు దాటినవారిలో 8.3 శాతం మందికి తీవ్రమైన కుంగుబాటు ఉండవచ్చునని లక్షణాలను బట్టి అందులో తేలింది. కాని "డాక్టరు నాకు ఈ జబ్బు ఉందని చెప్పారు" అన్నవారు 0.8 శాతమే. అంటే పదిమందిలో ఒక్కరికే తన జబ్బు పేరు తెలుసు. మిగిలిన తొమ్మిదిమంది కడుపు మంటకు మాత్రలు మింగుతూనో, గోడకు ఆనుకుని కూర్చునో రోజులు గడుపుతున్నారన్నమాట.

ఇక మాటల చికిత్స సంగతికి వద్దాం. ఈ పేరు వినగానే చాలామంది, "మాటలకు డాక్టరెందుకు, మేము మాట్లాడటం లేదా?" అంటారు. మనం మాట్లాడుతున్నాము. కాని ఏం మాట్లాడుతున్నామో ఒకసారి చూడండి. "ధైర్యంగా ఉండు." "దేవుని మీద భారం వేయి." "నీకేం తక్కువ?" "పక్కింటాయనను చూడు, ఎంత హుషారుగా ఉన్నాడో!" ఇవన్నీ మంచి మనసుతో చెప్పేవే. అయితే వీటన్నిటిలోనూ మనమే మాట్లాడుతున్నాము, పెద్దాయన వింటున్నాడు. మాటల చికిత్సలో మొదటి మార్పు ఇక్కడే. అక్కడ పెద్దాయన మాట్లాడతాడు, నిపుణులు వింటారు. ఊరికే వినరు. ఏ సంఘటన దగ్గర దిగులు మొదలైంది, ఏ ఆలోచన దాన్ని పెంచుతోంది, ఏ అలవాటు పోవడం వల్ల రోజు ఖాళీ అయిపోయింది అని వరుసగా పట్టుకుంటారు. ఆ తరువాత ఇద్దరూ కలిసి చిన్నచిన్న మార్పులు ఎంచుకుంటారు. వారానికి ఒకసారి, ముప్పావుగంట చొప్పున, ఎనిమిది నుంచి పదహారు సార్లు కలవడం సాధారణంగా జరిగే పద్ధతి. దానికి మొదలూ, తుదీ, లెక్కా ఉంటాయి.

పెద్ద వయసువారికి ఇది పనికిరాదన్న అభిప్రాయం ఒకప్పుడు డాక్టర్లలో కూడా ఉండేది. ఈ చికిత్సకు ఆద్యుడని చెప్పదగిన సిగ్మండ్ ఫ్రాయిడే 1905లో అచ్చైన ఒక వ్యాసంలో, యాభైకి చేరువైనవారి మనసుకు వంగే గుణం తగ్గుతుందనీ, వారికి కొత్తగా నేర్పడం కష్టమనీ రాశాడు. అప్పటికి ఆయనకే ఇంకా యాభై నిండలేదు. తరువాత ఆయన 83 ఏళ్ళు బతికి, చివరిదాకా కొత్త పుస్తకాలు రాస్తూనే ఉన్నాడు! బడిపంతులుగా నాకు ఈ సంగతి తలచుకుంటే నవ్వు వస్తుంది. వయోజన విద్యా కేంద్రాల్లో అరవై దాటిన అవ్వలు పలక పట్టి, వేలిముద్ర మాని, సంతకం నేర్చుకున్నారు. అక్షరం నేర్చిన చేతికి వయసు అడ్డు రానప్పుడు, ఆలోచన మార్చుకునే మనసుకు ఎందుకు వస్తుంది? తరువాత కాలంలో జరిగిన పరిశోధనలు కూడా 60, 70 దాటినవారికి మాటల చికిత్స బాగా పనిచేస్తుందనే తేల్చాయి. మార్చుకోవలసింది కొద్దిగానే. మెల్లగా చెప్పాలి. ఒకటికి రెండుసార్లు చెప్పాలి. ఇంటికి తీసుకువెళ్ళే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వాలి. వినికిడి తక్కువగా ఉంటే ముందు దాని సంగతి చూడాలి.

ఈ చికిత్సలో నాలుగైదు రకాలున్నాయి. వాటిని మన పెద్దాయనకే అన్వయించి చూద్దాం.

మొదటిది, పనిలోకి తిరిగి దింపడం. మనసు బాగుపడ్డాక లేచి తిరుగుదామని కుంగినవారు అనుకుంటారు. కూర్చున్నకొద్దీ మనసు ఇంకా కుంగుతుంది. పాత చేతిపంపు గుర్తు చేసుకోండి. ముందు పైనుంచి చెంబెడు నీళ్ళు పోస్తేగాని కిందినుంచి నీళ్ళు వచ్చేవి కావు. ఇదీ అంతే. ముందు చిన్న పని, తరువాత ఉత్సాహం. నిపుణులు పెద్దాయనను మొదటి వారం ఒక్కటే అడుగుతారు. ఏ పని ఎప్పుడు చేశారు, అప్పుడు మనసు ఎలా ఉంది అని రాసుకోమంటారు, రాయడం రాకపోతే గుర్తు పెట్టుకోమంటారు. ఆ లెక్కలో ఒక సంగతి బయటపడవచ్చు. సాయంత్రం బాల్కనీలో తులసికి నీళ్ళు పోసే పది నిమిషాలూ ఆయనకు గుండె బరువు లేదు. అయితే అక్కడి నుంచే మొదలు. రెండో వారానికి నాలుగు కుండీల్లో మెంతికూర. మూడో వారానికి కుండీలకు మట్టి తేవడానికి కిందికి దిగడం, దారిలో ఒకరితో మాట కలపడం.

రెండోది, ఆలోచనను పరీక్ష చేయడం. దీన్ని 1960లలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు రూపొందించాడు. కుంగినవారి మనసులో కొన్ని వాక్యాలు తమంతట తామే తిరుగుతూ ఉంటాయని ఆయన గమనించాడు. మన పెద్దాయన మనసులో తిరిగే వాక్యం "నేను ఈ ఇంటికి బరువు." మనమైతే "అలా అనకు నాయనా" అని ఆ మాటను మూసేస్తాము. నిపుణులు మూయరు, తెరుస్తారు. "ఎందువల్ల అలా అనిపిస్తోంది? నిన్న పొద్దుటి నుంచి రాత్రిదాకా ఏం జరిగిందో చెప్పండి" అంటారు. చెబుతూ ఉంటే, మధ్యాహ్నం మనవరాలిని స్కూలు బస్సు దగ్గర దింపుకుని ఇంటికి తెచ్చేది తానేనని ఆయనకే గుర్తు వస్తుంది. తాను లేకపోతే ఆ పిల్లకు ఆ రెండు గంటలూ తాళం వేసిన తలుపే. బరువు అనే మాట పూర్తిగా నిజం కాదని ఇంకొకరు చెబితే ఆయన నమ్మడు. తన నోటితో తాను లెక్క చెప్పుకుంటే నమ్ముతాడు. తిమ్మిని బమ్మి చేసి అంతా బాగుందని నమ్మించడం ఈ చికిత్స కాదు. ఉన్నది ఉన్నట్టుగా చూడటం.

మూడోది, మనుషుల మధ్య సంబంధాలను చక్కదిద్దడం. దీన్ని జెరాల్డ్ క్లెర్మన్, మిర్నా వైస్‌మన్ అనే ఇద్దరు అమెరికా నిపుణులు రూపొందించారు. కుంగుబాటును నాలుగు వైపుల నుంచి వెదకాలని వారు చెప్పారు. ఆప్తుల మరణం, ఇంట్లో తగాదా, జీవితంలో స్థానం మారడం, ఒంటరితనం. మన పెద్దాయనకు ఈ నాలుగూ ఉన్నాయి చూడండి. భార్య పోయింది. తోట అమ్మాలని కొడుకు అంటున్నాడు, తనకు ఇష్టం లేదు, పైకి చెప్పలేడు. నిన్నటిదాకా పది మందికి కూలి ఇచ్చిన యజమాని, నేడు గేటు దగ్గర తన పేరు చెప్పి లోపలికి రావలసిన మనిషి. ఒంటరితనం సరేసరి. వీటిలో ఏది ముఖ్యమో ఆయనతోనే తేల్చి, దాని మీద పని చేస్తారు. తోట విషయం కొడుకుతో ఏ మాటలతో ఎత్తాలో ముందుగా అక్కడే అనుకుని చూస్తారు. అవసరమైతే, పెద్దాయన ఒప్పుకుంటే, కొడుకును కూడా ఒకరోజు కూర్చోబెడతారు.

నాలుగోది, సమస్యను విడగొట్టి పరిష్కరించడం. బడిలో మనం లెక్క నేర్పే పద్ధతే. ఇచ్చినదేమిటి, కావలసినదేమిటి, ఎన్ని దారులున్నాయి, అందులో ఏది సులువు, చేసి చూసి సరిచూసుకోవడం. "నా బతుకే ఇలా అయింది" అనే పెద్ద ముద్దను, "పింఛను ఊళ్ళో బ్యాంకులో పడుతోంది, తెచ్చుకోవడానికి కొడుకును అడగాలంటే నామోషీగా ఉంది" అనే చిన్న ముక్కగా చేస్తే దానికి దారి దొరుకుతుంది.

ఐదోది, జీవితాన్ని మొదటినుంచీ చెప్పుకోవడం. ముసలివాళ్ళు పాత కథలు చెబితే చాదస్తం అంటాము. 1963లో రాబర్ట్ బట్లర్ అనే అమెరికా వైద్యుడు అది చాదస్తం కాదని వాదించాడు. చివరి అంకంలో మనిషి తన జీవితాన్ని తిరిగి చూసుకోవడం సహజమనీ, అవసరమనీ చెప్పాడు. ఆ ఆలోచన మీదనే ఒక చికిత్స పెరిగింది. బాల్యం, పెళ్ళి, కరువు, సంపాదన, పోగొట్టుకున్నవి, నిలబెట్టుకున్నవి, అన్నీ ఒక వరుసలో చెప్పించి, "ఇన్నిటిని దాటిన మనిషిని నేనే" అని తనకు తాను గుర్తుపట్టేలా చేస్తారు.

ఇప్పుడు మన సరిహద్దు తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా వర్తించే ఒక సంగతి చెప్పాలి. మందుకు భాష అక్కరలేదు. మాత్ర ఏ భాషవాడు మింగినా పనిచేస్తుంది. మాటల చికిత్సకు మాటే మందు. మన పెద్దాయనకు కన్నడం రాదా అంటే వస్తుంది. సంతలో బేరానికి, బస్సులో టికెట్టుకు, తాలూకా ఆఫీసులో అర్జీకి ఆయన కన్నడం చాలు. భార్య పోయిన రాత్రి గురించి చెప్పడానికి చాలదు. ఆ మాటలు ఆయనకు తెలుగులోనే వస్తాయి, అదీ తన ఊరి తెలుగులో.

అందుకని కొడుకో మనవడో పక్కన కూర్చుని అనువాదం చేస్తుంటారు. ఇందులో ఒక చిక్కు ఉంది. "ఇంట్లో నాకు విలువ లేదు" అన్న మాట కొడుకు ఎదుట ఏ తండ్రీ చెప్పడు. ఒకవేళ చెప్పినా, కొడుకు దాన్ని ఉన్నదున్నట్టుగా డాక్టరుకు అందించడు. "ఏమీ లేదు సార్, కొంచెం నిద్ర తక్కువ" అని ముగిస్తాడు. కాబట్టి పెద్దవాళ్ళను తీసుకువెళ్ళినప్పుడు రెండు పనులు చేయండి. తెలుగు వచ్చిన నిపుణులు కావాలని ముందే అడగండి. బెంగుళూరులో అలాంటివారు దొరకడం కష్టం కాదు. రెండోది, కొంతసేపు మీరు బయటికి వచ్చి, పెద్దాయనను ఒంటరిగా మాట్లాడనివ్వండి. ఆయన లోపల ఏం చెప్పాడని తరువాత గుచ్చి అడగవద్దు. అలా చెప్పిన మాటలను గోప్యంగా ఉంచడం చికిత్స చేసేవారి బాధ్యత. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దీన్ని రోగి హక్కుగా గుర్తించింది.

మాటల చికిత్సకు హద్దులు కూడా ఉన్నాయి. తిండి మానేసి, మంచం దిగని స్థితిలో ఉన్నవారికి, లేని మాటలు వినిపిస్తున్నాయనేవారికి, జబ్బు ముదిరినవారికి ముందు మందులు కావాలి, కొందరిని ఆసుపత్రిలో చేర్చాలి. మాటలు ఆ తరువాత. చాలామందికి మందూ మాటా రెండూ కలిస్తే మేలు. ఈ మందులు కూడా వేసిన రోజే గుణం చూపవు, కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో సొంతంగా ఆపకూడదు. మందుల షాపులో నిద్రమాత్రలు కొని ఇవ్వడం మాత్రం వైద్యం కాదు. పెద్ద వయసులో వాటి వల్ల తూలి పడే ప్రమాదం ఎక్కువ. ఇంకొకటి. థైరాయిడ్ లోపం, రక్తహీనత, బి12 విటమిన్ తక్కువ కావడం, కొన్ని రకాల మందులు కూడా కుంగుబాటులాగే కనిపించే నీరసాన్ని తెస్తాయి. కొత్తగా మొదలైన మతిమరుపుకు కారణం కుంగుబాటా, మెదడు జబ్బా అని డాక్టరే తేల్చాలి. అందువల్ల మొదట శరీర పరీక్ష తప్పదు.

ఒక సున్నితమైన విషయం కూడా చెప్పక తప్పదు. పెద్దవాళ్ళు "ఇంక చాలు, పోతే బాగుండు" అంటే మాట వరసకు అన్నారని కొట్టిపారేయకండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం సరికాదు. అడిగితే వారికి భారం దిగుతుంది, మనకు ప్రమాదం తెలుస్తుంది. అలాంటి మాట విన్న ఇంట్లో పురుగుమందు డబ్బాలు, మిగిలిపోయిన మాత్రలు చేతికి అందకుండా తాళం వేయండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి.

ఇక చికిత్స ఎక్కడ దొరుకుతుంది? బెంగుళూరులో హోసూరు రోడ్డు మీద ఉన్న నిమ్‌హాన్స్ పేరు మన జిల్లాల్లో తెలియనివారు ఉండరు. తెలిసీ వెళ్ళడానికి జంకేవారే ఎక్కువ. "అక్కడికి వెళితే పిచ్చివాడంటారు" అనే భయం. ఆ సంస్థ చరిత్రలోనే ఈ భయానికి జవాబుంది. పందొమ్మిదో శతాబ్దంలో పిచ్చాసుపత్రిగా మొదలై, తరువాత మైసూరు సంస్థానంలో మానసిక వైద్యశాలగా మారింది. 1954లో దాని పక్కనే అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వచ్చింది. 1974లో రెండూ కలిసి నిమ్‌హాన్స్ అయ్యాయి. 2012 నాటి చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. గోడల మధ్య బంధించి ఉంచే చోటు నుంచి, పొద్దున వచ్చి చూపించుకుని సాయంత్రానికి ఇల్లు చేరే చోటుగా మారడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. మన భయం మాత్రం ఆ పాత గోడల దగ్గరే ఆగిపోయింది.

మానసిక వైద్యం పట్నం దాటి పల్లెకు రావడంలో కూడా మన సరిహద్దు జిల్లాకే ఒక గౌరవం ఉంది. 1985లో నిమ్‌హాన్స్ వారు బళ్ళారి జిల్లాను ఎంచుకుని, అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకూ, ఆరోగ్య కార్యకర్తలకూ మానసిక జబ్బులను గుర్తించి వైద్యం చేయడంలో శిక్షణ ఇచ్చారు. ఆ ప్రయోగం నమూనాగానే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో మొదలైంది. కాబట్టి మీరు నేరుగా బెంగుళూరే వెళ్ళనక్కరలేదు. జిల్లా ఆసుపత్రిలో అడగండి. అనంతపురం, తిరుపతి, బళ్ళారి ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. మందులు రాసేవారు మానసిక వైద్యులు. మాటల చికిత్సలో శిక్షణ పొందినవారు క్లినికల్ సైకాలజిస్టులు, మానసిక వైద్య విభాగాల్లో పనిచేసే సోషల్ వర్కర్లు. బోర్డు చూసి మోసపోకుండా, క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషను ఉందా అని అడగడం మంచిది.

ప్రయాణం చేయలేనివారికి టెలిఫోను ఉంది. 2022 అక్టోబరు 10న టెలి మానస్ అనే సేవ దేశమంతటికీ మొదలైంది. నంబరు 14416. రాసుకోండి. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. డబ్బు ఖర్చు లేదు. రాత్రీ పగలూ పనిచేస్తుంది. తెలుగులోనూ కన్నడంలోనూ మాట్లాడవచ్చు. పింఛను, ఆస్తి తగాదా, ఇంట్లో వేధింపు వంటి పెద్దల ఇతర సమస్యలకు 14567 అనే వృద్ధుల సహాయ నంబరు ఉంది.

ఇంతమందికి సరిపడా నిపుణులు ఉన్నారా అని మీరు అడగవచ్చు. లేరు. అందుకే శిక్షణ ఇస్తే మామూలు మనుషులు కూడా ఈ పని కొంతవరకు చేయగలరా అని పరీక్షించి చూశారు. గోవాలో 60 ఏళ్ళు దాటి, దిగులు లక్షణాలు అప్పుడప్పుడే మొదలైన 181 మందిని తీసుకున్నారు. సగం మందికి, శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు ఇందాక చెప్పుకున్న సమస్యా పరిష్కార పద్ధతి నేర్పారు. నిద్ర గురించి, చక్కెర జబ్బు వంటివాటిలో జాగ్రత్తల గురించి చెప్పారు. ప్రభుత్వ పథకాలు అందుకోవడానికి సాయం చేశారు. ఏడాది తిరిగేసరికి ఆ సగంలో 4.4 శాతం మందికే తీవ్రమైన కుంగుబాటు వచ్చింది. మామూలు పద్ధతిలో వదిలిన మిగతా సగంలో 14.4 శాతం మందికి వచ్చింది. ఈ ఫలితాలు 2019లో వెలువడ్డాయి.

ఆఫ్రికాలోని జింబాబ్వే దేశంలో ఇంకా ముచ్చటైన పని జరిగింది. 2006లో హరారే నగరంలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు అవ్వలకే శిక్షణ ఇచ్చాడు. ఆసుపత్రి ఆవరణలో చెట్టు నీడన చెక్క బెంచీ. దాని మీద ఒక అవ్వ. దిగులుతో వచ్చినవారు ఆమె పక్కన కూర్చుని చెప్పుకుంటారు, ఆమె నేర్చుకున్న పద్ధతి ప్రకారం వింటుంది, అడుగుతుంది, దారి వెదకడంలో తోడు నిలుస్తుంది. అక్కడివాళ్ళు ఈ జబ్బును తమ భాషలో "అతిగా ఆలోచించడం" అని అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. మన అవ్వలు "యోచన ఎక్కువైంది" అంటారు చూడండి, అదే మాట!

కాబట్టి మనం ఇంటి దగ్గర చేయగలిగింది కూడా ఉంది. అది వైద్యం కాదు, వైద్యానికి తోడు. రోజులో ఒక పావుగంట ఫోను పక్కన పెట్టి పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. సలహా ఇవ్వకండి. "తరువాత ఏమైంది?" అని మాత్రం అడగండి. ఇంట్లో ఏదో ఒక చిన్న పని పూర్తిగా వాళ్ళదిగా ఉండనివ్వండి. వారానికి ఒకసారి ఊరి నుంచి వాళ్ళ ఈడువారికి ఫోను కలిపి ఇవ్వండి. ఆసుపత్రికి వెళ్ళే రోజును కూలి పోయిన రోజుగా, సెలవు పాడైన రోజుగా లెక్క పెట్టకండి.

శ్రోతలలో పెద్దవారికి ఒక మాట. పిల్లలకు ఎందుకు ఇబ్బంది అని మీరు నోరు కట్టుకుంటున్నారు. మీ మౌనమే వాళ్ళకు ఎక్కువ ఇబ్బంది. కాలు విరిగితే కట్టు కట్టించుకోవడానికి మీరు సిగ్గుపడలేదు. దీనికీ సిగ్గు అక్కరలేదు. ఒక్కసారి వెళ్ళి, మీ ఊరి మాటలో, మీకు తోచిన చోటినుంచి మొదలుపెట్టండి.

పిల్లలకు ఒక మాట. ఈ రాత్రి మీ నాయన "బేజారుగా ఉంది" అంటే టీవీ పెట్టకండి. టీవీ ఆపి, పక్కన కూర్చుని, "ఎన్నాళ్ళ నుంచి నాయనా?" అని అడగండి.